మూడో మేకు మీద ఇరవై ఎనిమిది వేలు

హలో... ఆఁ, హలో... వినపడుతుందా? నేను గవర్రాజుని. సబరి ఏటి ఒడ్డున కొంటా నుంచి అడవి లోపలికి పోతే పద్నాలుగో కిలోమీటరు కాడ కిరాణా దుకాణం పెట్టుకున్న గవర్రాజుని. కట్ చెయ్యకండి, ఇది లోన్ గురించి కాదు. అందరూ బాగున్నరా? తిన్నరా? సరే, కూసోండి. ఒక మాట చెప్త.

సిగ్నల్ లేని ఊళ్ళనే ఖరీదైన స్మార్ట్‌ఫోన్ కొనాలె!

నవ్వకండి. నేను చదివింది ఏడో తరగతి, అందుల కూడ రెండేళ్ళు చింతపండు మూటల మీదనే గడిచినయి. కానీ ఫోన్ల గురించి నేను చేసిన రీసెర్చ్ ఏ కాలేజీల చెప్పరు. సిగ్నల్ ఉన్న ఊళ్ళ ఖరీదైన ఫోన్ ఎందుకు? అక్కడ ఆరు వేల ఫోన్ కూడ పని చేస్తది. పని చేసే వస్తువుకు డబ్బు పెట్టడం ఎవడైనా చేస్తడు. పని చెయ్యదని తెలిసి పెట్టాలంటే గుండె కావాలె.

మా ఊళ్ళ సిగ్నల్ అస్సలే లేదని కాదు. ఉంది. సుక్రాం పందుల దొడ్డి వెనక, దిబ్బ మీద, భూమికి పదడుగుల ఎత్తున ఉంది. ఒక గంప బోర్లిస్తే ఆ గంప కింద పట్టేంత ఉంది. దాన్ని కనిపెట్టింది సుక్రామే. దొడ్డికి కప్పు వేస్తుంటే జేబుల ఫోన్ టింగుమన్నదంట. ఆర్నెల్ల కింది మెసేజీలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డయి. ఆ అదురుకు మనిషి కూడ కప్పు మీద నుంచి పందుల మధ్యల పడ్డడు.

అప్పటి నుంచి అక్కడ ఒక టేకు గుంజ పాతినం. గుంజకు ఐదు మేకులు కొట్టినం. ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిల పెట్టి మేకుకు తగిలించాలె. మోగితే నిచ్చెన ఎక్కి, ఫోన్‌ని కిందికి తియ్యకుండ, అక్కడనే స్పీకర్ పెట్టి మాట్లాడాలె. జానెడు పక్కకు జరిపినవా, కట్. అందుకే మా ఊళ్ళ రహస్యాలు లేవు. ఎవరి అల్లుడు ఎందుకు అలిగిండో, ఎవరికి కడుపుల ఏం బాధనో, కింద నిలబడ్డోళ్ళందరికీ ఎరుక. సుక్రాం పందులకు కూడ ఎరుక.

ఆ మేకులకు ఒక పద్ధతి ఉంది. పై మేకు కాడ సిగ్నల్ ఎక్కువ, కిందికి వస్తున్నకొద్ది తక్కువ. ఏ ఇంటోళ్ళు కబురు కోసం కాసుకోని ఉంటరో, వాళ్ళ ఫోన్‌దే పై మేకు. పురుడు కావచ్చు, ఆస్పత్రి కావచ్చు, దూరం పనికి పోయిన కొడుకు కావచ్చు. ఎవరికి ఎక్కువ ఆత్రమో వాళ్ళది పైన. సర్పంచ్ అని కాదు, డబ్బున్నోడని కాదు. ఎవరి ఆత్రం ఎంతదో మొహం చూసి సుక్రాం చెప్తడు. ఇప్పటిదాక ఎవరూ ఎదురు చెప్పలే.

ఇక నా సంగతి. మా అమ్మాయి మీనా కిరండూల్‌ల ఉంటది. అల్లుడు ఉమామహేష్‌కు గని కంపెనీల నౌకరీ, కంపెనీ క్వార్టరు. ఈ వానాకాలం మీనాకు తొలి కాన్పు. ఇక్కడికి తెచ్చుకుందామంటే మా వాగు పొంగితే మంచం మీద మోసుకపోయే దారి కూడ ఉండదు. అందుకే పురుడు అక్కడనే అనుకున్నం. నాకు ఒక్కటే కోరిక. మనవడో మనవరాలో, పుట్టిన రోజునే మొహం చూడాలె.

ఎందుకింత పట్టుదల అంటరా? మీనా పుట్టినప్పుడు నేను సరుకు కోసం భద్రాచలం పోయిన. వాగు పొంగింది. పదమూడు రోజులు అవతలనే ఉన్న. వచ్చి ఎత్తుకుంటే పిల్ల కొత్తోడిని చూసినట్టు చూసి కేకలు పెట్టింది. మా ఆవిడ సూర్యకాంతం ఇరవై ఆరేళ్ళ నుంచి ఆ మాట కూరల తిరగమోత లెక్క వేస్తనే ఉంది.

కాబట్టి వీడియో కాల్ ఒక్కటే దిక్కు. నా పాత ఫోన్‌ల వీడియో కాల్ పెడితే మనిషి మొహం అంబలి లెక్క కనపడతది. కొత్తది కొనాలె. ఎంతల కొనాలె? ఇది చిన్న ప్రశ్న అనుకుంటున్నరా? నేను నెల రోజులు నిద్ర పోలే.

ముందు సుక్రాంని అడిగిన. సుక్రాం ప్రపంచంల ఏ ధర చెప్పినా పందుల్లోకి మార్చుకుంటడు.

"ఇరవై ఎనిమిది వేల ఫోన్ కూడ ఉందంట సుక్రాం" అన్న.

కొద్దిసేపు లెక్క పెట్టిండు. "మూడున్నర పందులు."

"అంతేనా?"

"అర పంది ఎట్ల వస్తది బావా? అర పంది అంటే కోసింది. కోసేదా, పెంచేదా, ముందు అది తేల్చుకో. ఫోన్ పిల్లలు పెడతదా?"

"పెట్టదు."

"అయితే అది కోసిన పందే. ఎన్ని రోజులు తింటవు?"

తర్వాత సన్నే అక్క. దొర్ల తెగోళ్ళ ఇంటి పెద్ద మనిషి, ఎనిమిదేళ్ళ నుంచి ఒక బటన్ ఫోనే. దాని మీద అంకెలన్నీ అరిగిపోయినయి. ఏ బటన్ ఏదో ఆమె వేలికే ఎరుక. "నన్నెందుకు అడుగుతవు తమ్ముడా, నాదానికి మొహం కనపడదు" అన్నది. "మాట వినపడితే మొహం నేనే అనుకుంట."

చూసినరా? ఇదే మన వెనకబాటుతనం. ఊహల మీద బతకడం!

ఆఖరికి సంత రోజు కొంటా పోయిన. అక్కడ అరుణ్ అని ముప్పై ఏళ్ళ మనిషి, మొబైల్ దుకాణం. చాల మంచోడు. ఎంత మంచోడంటే, ఎనిమిది వేల ఫోన్ అడిగినోడికి వెంటనే ఎనిమిది వేల ఫోన్ ఇవ్వడు. మన మంచి కోరి ఆపుతడు.

"ఇదైతే అంకుల్, పిల్ల మొహం రాగిముద్ద లెక్క వస్తది" అన్నడు. "పన్నెండు వేలదైతే ముక్కు తేలతది."

నిజమే గదా? ముక్కు లేని మనవడిని ఎవరు చూస్తరు? పన్నెండుకు ఒప్పుకున్న.

"పదహారుకు కండ్లు ఎటు చూస్తున్నయో తెలుస్తది."

కండ్లు ముఖ్యం. పదహారు.

"ఇరవైకి ఎవరి పోలికో తెలుస్తది అంకుల్. మీ దిక్కా, అల్లుడుగారి దిక్కా."

మీరే చెప్పండి. అల్లుడి దిక్కు పోలిక అని వాళ్ళే చెప్పుకుంటుంటే, నా కాడ సాక్ష్యం లేకుండ నేనెట్ల కొట్లాడాలె? ఇరవై.

"ఇది చూడండి ఊరికే" అని ఒకటి నా చేతుల పెట్టిండు. "కొనమని కాదు. పట్టుకోండి. ఇరవై ఎనిమిది. ఇందుల కనురెప్ప వెంట్రుకలు కూడ లెక్క పెట్టొచ్చు."

"పుట్టినప్పుడు కనురెప్పలకు వెంట్రుకలు ఉంటయా అరుణ్?"

"ఈ ఫోన్‌ల ఉంటయి అంకుల్."

కొన్న. అందుల కొత్త నంబరు కూడ వేయించి, దుకాణం ముందే మీనాకు వీడియో కాల్ పెట్టిన. కొంటాల సిగ్నల్ నిండుగ ఉన్నది, సబరి ఏటికి అవతలి టవర్ల గాలి కూడ కలిసినట్టుంది. మీనా మొహం నా అరచేతిల వెలిగింది. పిల్ల ముక్కు పక్కన చిన్నప్పటి మచ్చ కనపడింది. అది ఉందనే మర్చిపోయిన. "నాన్నా, ఏడుస్తున్నవా?" అన్నది. "లేదమ్మా, కొత్త ఫోన్‌ల బొమ్మ అట్లనే వస్తది" అన్న.

ఇంటికొచ్చిన.

"ఎంత?" అన్నది సూర్యకాంతం.

"ధర కాదే ముఖ్యం, దాంట్ల కెమెరా..."

"ఎంతా అని అడిగిన."

"పదకొండు."

ఆమె డబ్బాని తిప్పి చూసింది. డబ్బా మీద ధర కాగితాన్ని దారిల గోటితో గీకి గీకి తీసిన. కానీ బిల్లు డబ్బాల్నే ఉంది. వంటింటి కప్పు మీద మూడేండ్ల నుంచి వాన కారుతున్న మూల దిక్కు చూసింది. ఆ తర్వాత నా దిక్కు చూసింది. బిల్లు మడిచి కొంగుకు ముడేసుకుంది. ఆ ముడి ఎంత శిక్షనో పెళ్ళయినోళ్ళకు చెప్పక్కర్లే.

ఇక సిగ్నల్ సంగతి. వాగు దాటంగనే గీతలు ఒక్కొక్కటి పోయినయి. ఇల్లు చేరేసరికి ఫోన్ మీద చిన్న ఇంటూ గుర్తు.

ఇక్కడనే తెలివైనోడు ఆలోచించాలె. ఇది నష్టమా? కానే కాదు! వరుసగ చూడండి.

మీ పట్నాలల్ల రోజుకు పది సార్లు "మీ బ్యాంకు ఖాతా ఆగిపోయింది, నంబరు చెప్పండి" అని దొంగలు ఫోన్ చేస్తరంట. మా ఊళ్ళ ఒక్కడు కూడ మోసపోలేదు. దొంగకు మేం దొరకం. మాకు దొంగ దొరకడు.

విమానం ఎక్కినోళ్ళు ఫోన్‌ల విమానం బొమ్మ నొక్కాలంట. మేం విమానం ఎక్కకుండ, ఏమీ నొక్కకుండ, పుట్టినప్పటి నుంచి ఆ మోడ్‌లనే ఉన్నం.

కొందరు డబ్బులిచ్చి మరీ అడవిల రిసార్టుకు పోయి, ఫోన్లు బయట పెట్టి, మూడు రోజులు మౌనంగ ఉంటరని రీల్స్‌ల చూసిన. అయ్యా, మా ఊరికి రండి. మీకు మూడు నెలలు ఫ్రీ. అంబలి కూడ పోస్తం.

బ్యాటరీ? నాలుగు రోజులు వస్తది! అరుణ్ రెండు రోజులే అన్నడు. కంపెనీ చెప్పిన దానికంటే రెట్టింపు పని చేసే వస్తువు మీ ఇంట్ల ఇంకోటి ఉంటే చూపించండి.

మెసేజ్ పంపితే చూసిండా లేదా అని ఎదుటోడి మీద అనుమానం లేదు. మా ఊళ్ళ అన్నదమ్ములు ఇంకా మాట్లాడుకుంటున్నరంటే కారణం ఇదే. సంతకు పోయిన రోజు మాత్రం నా గ్రూపులల్ల ఆరేడు వందల మెసేజీలు ఒక్కసారి పడతయి. వారంల జరిగిన కొట్లాటలన్నీ, వాటి రాజీలతో సహా, ఒకటే పూట చదువుకుంట. నాకు బీపీ లేదు. మీకుంది.

ఇక ఫోన్ ఊరికే ఉంటుందా? దుకాణంల లెక్కకు పనికొస్తది. కరెంటు పోతే టార్చి. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం, ఎంత మంచి గ్లాసో! సంతల డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు పెడితే బేరం పెరుగుతది. ఇవన్నీ వేరేవేరే కొనాలంటే ఇరవై ఎనిమిది వేలకు పైనే అయితయి. అంటే నాకు లాభం. ఇది సుక్రాంకు చెప్తే "అవునవును" అన్నడు. అని, పందులకు తవుడు కలపనీకి పోయిండు.

కాన్పు దగ్గర పడుతుంటే సుక్రామే దుకాణానికి వచ్చిండు.

"బావా, రేపటి నుంచి పై మేకు నీదే. నీ మొహం చూస్తుంటే తెలుస్తనే ఉంది."

అప్పుడు దుకాణం ముందు ఐదారుగురు ఉన్నరు. వాళ్ళ ముందట నేను ఏమన్ననో తెలుసా?

"నాది ఫైవ్ జీ సుక్రాం. దానికి పై మేకెందుకు? అది ఏ మేకు మీదనైనా పట్టుకుంటది. పాపం పాత ఫోన్లోళ్ళకు ఇయ్యి."

పై మేకు సన్నే అక్కకు పోయింది. ఆమె కొడుకు మంగల్ ఖమ్మం దిక్కు మేస్త్రీ పనికి పోయి నెల అయింది, ఒక్క కబురు లేదు. రెండో మేకు సర్పంచ్ బాబూరావుది. మూడో మేకు మీద, కొత్త ప్లాస్టిక్ సంచిల, ఇరవై ఎనిమిది వేలు.

సూర్యకాంతం కిరండూల్ పోవాలని బట్టలు సర్దుకున్న రోజునే వాన మొదలైంది. రెండో రోజు వాగు దారి మీదికి వచ్చింది. మూడో రోజు దారి ఎక్కడుందో కూడ తెలియలే. కాన్పుకు ఇంకా వారం ఉందన్నరు గదా అని మేం ధైర్యంగ ఉన్నం. పుట్టేవాళ్ళకు డాక్టర్ చెప్పిన తేదీ ఎవరు చెప్తరు?

నాలుగో రోజు సాయంత్రం. చినుకు పడుతున్నది. గుంజ కింద గొడుగులు పట్టుకోని పదిమందిమి నిలబడ్డం. మోగింది.

నాది కాదు. పై మేకు. సన్నే అక్క చేతిల ఉన్న ఆకుదొన్నె కింద పడేసి ముందుకొచ్చింది, మంగల్ అనుకొని. సుక్రాం నిచ్చెన ఎక్కి సంచి మీద నుంచే బటన్ నొక్కిండు.

"హలో, సన్నే గారాండి? నేను కిరండూల్ నుంచి ఉమామహేష్‌నండి. గవర్రాజు గారి అల్లుణ్ణి. కాస్త మా మావయ్యగారికి..."

అందరూ నా దిక్కు తిరిగిండ్రు. సన్నే అక్క పక్కకు జరిగింది, సుక్రాం నిచ్చెన మీదనే ఒక పక్కకు ఒదిగిండు. నిచ్చెన మెట్లు రెండు రెండు ఎక్కిన.

"అల్లుడూ, నేనే, చెప్పు."

"మావయ్యగారూ, మధ్యాహ్నం నుంచి మీ కొత్త నంబర్‌కి నలభై సార్లు చేశానండి."

"చెప్పు బాబూ."

"పాపండి. ఇద్దరూ బాగున్నారు. మూడు కిలోలుంది. ఉండండి, ఏడుస్తోంది, వినండి."

ఒక గీసినట్టు సప్పుడు. ఆ తర్వాత ఏడుపు.

ఎంత ఏడుపయ్యా అది! పందుల దొడ్డి కూడ సప్పుడు చెయ్యలే. పదిమందిమి గొడుగులు వంచుకోని విన్నం. కింద నుంచి సూర్యకాంతం "ఇంకొంచెం వినిపించమను, ఇంకొంచెం వినిపించమను" అంటున్నది.

"మావయ్యగారూ, మీ ఫోన్‌కి వీడియో కాల్ చేస్తున్నాను, ఎత్తండి" అని పెట్టేసిండు.

సుక్రాం ఆగమాగంగ సన్నే అక్క ఫోన్ తీసి, నాది పై మేకుకు తగిలించిండు. మోగింది! పచ్చ గుర్తు పైకి జరపాలె. సంచి మీద నీళ్ళు. వేలు జారుతుంది గానీ గుర్తు జరగదు. సంచి తీసిన. గ్లాసు మీద చినుకులు పడ్డయి. కండువతో తుడిచిన. ఆ తుడుపుకు ఎర్ర గుర్తు జరిగింది. కట్.

మళ్ళీ చేసిండు. ఈసారి పట్టిన. తెర మీద ఒక గుండ్రం తిరిగింది. తిరిగింది. గుండ్రం చాల స్పష్టంగ ఉంది, దాని అంచులు కూడ లెక్క పెట్టొచ్చు. ఇరవై నిమిషాలు నిచ్చెన మీద నిలబడ్డ. ఆఖరికి సుక్రామే దించిండు.

"సన్నే నంబర్ అల్లుడికి ఎట్ల తెలిసింది?" అన్న ఇంటికి పోతుంటే.

"నేనే ఇచ్చిన" అన్నది సూర్యకాంతం.

"నా ఫోన్ మీద నమ్మకం లేకనా?"

"ఫోన్ మంచిదే."



నిజం చెప్త. ఆ రాత్రి నా వాదన కొంచెం కదిలింది. దొంగలు ఫోన్ చెయ్యకపోవడం బాగనే ఉంది. కానీ అల్లుడు నలభై సార్లు చేసిండు గదా. దొంగకూ అల్లుడికీ తేడా తెలియని సిగ్నల్ ఏంది?

తెల్లారి దుకాణం తియ్యకుండ కాగితం కలం పట్టుకున్న. "మా ఊరికి టవర్ కావాలె" అని సర్కారోళ్ళకు అర్థమయ్యే హిందీల అర్జీ రాసిన. నాది సంతల బేరమాడే హిందీ, అయినా ఏడుపు వచ్చేటట్టు రాసిన. కాన్పులు రాసిన, పాము కాట్లు రాసిన, మంగల్ సంగతి రాసిన. ఇల్లిల్లు తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్న. అందరి కంటే ఆఖరున సర్పంచ్ బాబూరావు ఇంటికి పోయిన.

బాబూరావు అర్జీ మొత్తం చదివిండు. కండ్లద్దాలు తీసిండు. నా మొహం చూడకుండ, "ఇప్పుడు ఇవ్వలేం అన్నా" అన్నడు.

"ఎందుకు ఇవ్వలేం?"

"చాయ్ తాగుతవా?"

"బాబూరావూ, ఎందుకు ఇవ్వలేం?"

లోపలికి పోయి ట్రంకుపెట్టెల నుంచి ఒక కాగితం తెచ్చిండు. "పోయిన నెల వచ్చింది. నువ్వు బాధపడతవని ఎవరికీ చూపించలే."

ఇక్కడ, పాఠకులారా, నేను ఇప్పటిదాక మీకు చెప్పని ముచ్చట ఒకటి చెప్పాలె.

ఫోన్ కొన్న వారానికి మా ఊరికి ఒక సర్వే బాబు వచ్చిండు. ఏ ఊళ్ళ సిగ్నల్ ఉంది, ఏ ఊళ్ళ లేదు అని రాసుకుంటున్నడు. లేని ఊళ్ళకు టవర్ వేస్తరంట. దుకాణం కాడ నీళ్ళు తాగి, "ఇధర్ నెట్‌వర్క్ హై క్యా?" అన్నడు. మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. ఆయన కొంచెం నవ్వి, "స్మార్ట్‌ఫోన్ తో కిసీకే పాస్ హోగా నహీ" అన్నడు.

ఎవరి దగ్గరా ఉండదంట! ఇరవై ఎనిమిది వేలు జేబుల పెట్టుకొని ఆ మాట ఎట్ల పడాలె?

ఫోన్ తీసిన. కొంటాల మీనాతో మాట్లాడిన వీడియో కాల్‌ని ఫోన్‌లనే రికార్డ్ చేసుకున్న. అది పెట్టి, గర్వంగ ఆయన మొహం ముందట పట్టుకున్న. "దేఖో సాబ్, బేటీ. కిరండూల్ సే. ఫైవ్ జీ!"

ఆయన చూసిండు. మీనా మాట్లాడుతున్నది, నవ్వుతున్నది, ముక్కు పక్కన మచ్చ కూడ కనపడుతున్నది. "అరే వాహ్" అన్నడు. చల్లని నీడల కూసోని ఆయన పని అయిపోయింది. నన్ను ఫోన్‌తో నిలబెట్టి ఒక ఫోటో తీసుకున్నడు. "థోడా ముస్కురాయియే" అంటే పండ్లన్నీ కనపడేటట్టు నవ్విన.

బాబూరావు తెచ్చిన కాగితంల మా ఊరి పేరుకు ఎదురుగ ఒక టిక్కు ఉంది. నెట్‌వర్క్: ఉత్తమం. కొత్త టవర్: అవసరం లేదు. రుజువు కింద నా ఫోటో. పండ్లతో సహా.

నేను ఆ కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివిన. చాయ్ చల్లారిపోయింది. బాబూరావు భార్య లక్కే ఇంకో గ్లాసు తెచ్చి పెట్టి, "ఫోటోల బాగనే ఉన్నవు అన్నా" అన్నది. అది ఎక్కిరింతనా, ఓదార్పా, ఇప్పటికీ తేల్చుకోలే.

"ఊరోళ్ళకు చెప్పనా?" అన్న.

"ఎందుకు?" అన్నడు బాబూరావు.

చెప్పిన. గుంజ కాడ, అందరూ ఉన్నప్పుడు, నిచ్చెన మొదటి మెట్టు మీద నిలబడి మొత్తం చెప్పిన. ఎవరూ తిట్టలే. సన్నే అక్క మాత్రం, "అంటే నా కొడుకు చేసినా ఇట్లనే పోయి ఉంటదా తమ్ముడా?" అని అడిగింది. నేను నిచ్చెన దిగిన. ఆ మాటను పందులల్లకి మార్చి చెప్పడం సుక్రాంకు కూడ చేత కాలే.

వాన తగ్గినంక బాబూరావే నడుముల లోతు నీళ్ళల్ల వాగు దాటి కొంటా పోయి, అర్జీ ఇచ్చి, జరిగిన తప్పు కూడ చెప్పి వచ్చిండు. మళ్ళీ సర్వేకు వస్తం అన్నరంట. ఎప్పుడో చెప్పలేదంట, ఏ రోజైనా రావచ్చంట.

రెండు రోజులకు వాగు దిగింది. మొదటి ట్రాక్టర్ బయలుదేరింది. సూర్యకాంతం ఎక్కింది. ఉసిరికాయ పచ్చడి, పాత చీరలతో కుట్టిన పొత్తిగుడ్డలు, పాపకు తేనె, అన్ని సంచులూ ఎక్కించి నేను కూడ ఎక్కి కూసున్న. కొత్త చొక్కా వేసుకున్న.

బాబూరావు ఉరుక్కుంట వచ్చిండు.

"అన్నా, దిగాలె."

"ఏంది?"

"ఆపీసోళ్ళు చెప్పిన ఇంకో మాట నీకు చెప్పుడు మరిచిన. మళ్ళీ సర్వేకు వచ్చేటప్పుడు ఫోటోల ఉన్న మనిషి ఉండాలంట. ఆ మనిషే ఎదురుగ నిలబడి, 'నేను చెప్పింది తప్పు, ఇక్కడ సిగ్నల్ లేదు' అని చెప్పాలంట. లేకపోతే టిక్కు తీసెయ్యరంట."

"నాలుగు రోజులల్ల వస్త గదా."

"ఆ నాలుగు రోజులల్లనే వాళ్ళు వస్తే?"

ట్రాక్టర్ ఇంజన్ కొట్టుకుంటున్నది. అందరూ నా దిక్కే చూస్తున్నరు. సూర్యకాంతం చెయ్యి చాపింది. పట్టుకోనీకి అనుకున్న.

"ఫోన్ ఇయ్యి" అన్నది. "పిల్లని మంచిగ ఫోటో తీసి పంపిస్త."

ఇచ్చిన. దిగిన.

ఇప్పుడు చెప్పండి, స్మార్ట్‌ఫోన్‌కు ఎంత ఖర్చు పెట్టాలె? నా సిద్ధాంతం మారలేదు. ఇరవై ఎనిమిది వేలు దానికి తగ్గట్టే పని చేస్తున్నది, సిగ్నల్ ఉన్న కిరండూల్‌ల. కనురెప్ప వెంట్రుకలు ఉన్నయంట. పోలిక మా దిక్కేనంట, ఇది సూర్యకాంతం చెప్పిన మాట. నా పాత పగిలిన ఫోన్ మూడో మేకు మీద ఉంది. దానికి నూట పన్నెండు ఫోటోలు వచ్చినయి. నూట పన్నెండు బూడిద రంగు చతురస్రాలు. ఒక్కోదాని మధ్యల ఒక చిన్న బాణం గుర్తు, కిందికి చూపించుకుంట. నొక్కితే గుండ్రం తిరుగుతది. మాటలు పోతయి, బొమ్మలు రావు. అందుకే ఇదంతా మాటలల్ల రాసి పంపుతున్న.

నా ఫోన్ నా మనవరాలిని చూసింది. నేను ఇంకా చూడలే.

పాప పుట్టి పంతొమ్మిది రోజులు. సర్వే బాబు ఇంకా రాలేదు. ఆయన పేరు నాకు తెలియదు. నల్ల సంచి, తెల్ల మోటర్‌సైకిల్, మంచి మనిషి, నేను చూపించిందే రాసుకున్నడు, ఆయన తప్పు ఏమీ లేదు. సిగ్నల్ ఉన్న ఊళ్ళ ఉన్నోళ్ళు మీరు. మీ గ్రూపులల్ల ఎవరో ఒకరికి ఆయన బావమరిదో, ఆపీసుల పక్క కుర్చీ మనిషో తెలిసే ఉంటరు. ఆయనకు అందేదాక దీన్ని ముందుకు పంపండి. పొద్దున వచ్చినా సరే, మాపటికి వచ్చినా సరే, ఆదివారమైనా సరే. దుకాణం మూసి ఉంటే నేరుగ పందుల దొడ్డి వెనక దిబ్బ మీదికి రమ్మనండి. నేను గుంజ కిందనే ఉంట. అప్పుడు నవ్విన ఆ మొహంతోనే "లేదు" అని చెప్త.